దామెర్ల రామారావు చిత్రవిద్యాభ్యాసము : ప్రమాణ విచారము

కీసరగుట్టపై విష్ణుకుండినుల కాలము నాటిదని పరిశోధకులు నిర్ణయించిన ఒక చిన్న శిలాలేఖము కలదు. అందున్నది ఒక్కటే పదము. అది తొలుచువాండ్రు అను అర్థము నిచ్చు తెలుగు మాట. భాషాచరిత్రకారులకు అది తెలుగు పదముల ప్రాచీనతకు సాక్ష్యము. చిత్రశిల్పశాస్త్రములను పఠించువారికి మాత్రము అది వేరొక ప్రశ్నను రేపును. రాతిని తొలిచిన ఆ పనివారు తమ వృత్తినామమును రాతిపై విడిచిరి గాని, తాము కొలిచిన విధమును వ్రాసి యుంచలేదు. అది గురువు చేతి నుండి శిష్యుని చేతికి పోయినది. చేతులు మారిన విద్య ఎక్కడ తెగినదో అక్కడనే నిలిచిపోయినది.

మన ప్రాచ్యకళాశాలలలో ప్రమాణమనునది షడంగములలో రెండవదిగా, తాళమానమున కొన్ని అంకెలుగా పాఠము చెప్పబడుచున్నది. నవతాళమనగా 108 అంగుళములని విద్యార్థి తడుముకొనక అప్పగించును. కాని ఎదుట నిలిచిన మనుష్యుని చూచి, అతని శిరస్సునకు దేహమెన్ని రెట్లున్నదో కంటితో నిర్ణయించి కాగితముపై నిలుపుమనిన అతనికి దారి తోచదు. ఈ లోపము విద్యార్థిది కాదు, బోధనాక్రమముది. ప్రమాణమును శ్లోకముగా గాక, కంటికిని చేతికిని అభ్యాసముగా నేర్చిన ఆధునికాంధ్ర చిత్రకారులలో దామెర్ల రామారావు అగ్రగణ్యుడు. అతని స్వల్పజీవితమును ఈ దృష్టితో పరిశీలించుట ఈ వ్యాసమునకు ఉద్దేశము.

రామారావు 1897 మార్చి 8వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించెను. ఆ కాలమున తెలుగుదేశమందు చిత్రలేఖనమున ఆసక్తి గల బాలునకు గురుకులమనదగినది లేదు. రవివర్మ చిత్రముల అచ్చుప్రతులు ఇంటింటి గోడలపై నుండెడివి. వానిని చూచి వ్రాయుటయే అనేకులకు మొదటి పాఠము. అచ్చుబొమ్మను చూచి వ్రాయునపుడు కొలతల భారమంతయు పూర్వచిత్రకారుడే మోసియుండును. లోతు, ఎత్తు, వంపు అన్నియు అప్పటికే సమతలముపై పరుచుకొని యుండును. ఎదుట నున్న గోదావరి గట్టును, ఒరిగిన పడవను, కూర్చున్న మనుష్యుని చూచి వ్రాయుట అట్టిది కాదు. అక్కడ మూడు కొలతల లోకమును రెండు కొలతల కాగితముపైకి తానే దింపవలెను. ఈ భేదమును తెలిసికొనుటతో చిత్రవిద్య ఆరంభమగును.

రామారావునకు ఆ ద్వారమును తెరచినవాడు ఆస్వాల్డ్ జెన్నింగ్స్ కూల్డ్రే. ఇతడు 1909లో రాజమహేంద్రవరము ప్రభుత్వ కళాశాలకు ప్రధానాచార్యుడుగా వచ్చిన ఆంగ్లేయుడు. సాహిత్యరసికుడు, తానును చిత్రకారుడు. గోదావరీతీర ప్రకృతిని, గ్రామజీవనమును ప్రేమించినవాడు. అడివి బాపిరాజు, వరదా వెంకటరత్నము మున్నగు యువకులను చేరదీసి కళాభిరుచిని కలిగించినవాడును ఇతడే. ఆ బృందమున రామారావు చేతివాటమును ప్రత్యేకముగా గుర్తించి, ఆ నేర్పు స్వయంకృషితోనే ఆగిపోరాదని తలచి, 1916లో బొంబాయి సర్ జె. జె. కళాశాలకు పంపుటకు కారకుడయ్యెను. అప్పటి కతనికి పందొమ్మిదేండ్లు.

ఆ కళాశాల 1857లో స్థాపింపబడినది. అందలి బోధన ఇంగ్లండులోని సౌత్ కెన్సింగ్టన్ పద్ధతి ననుసరించినది. విద్యార్థి మొదట రేఖలను, అలంకారములను చూచి వ్రాయవలెను. పిమ్మట ఘనము, స్తూపము, శంకువు మొదలగు ఆకారములు, ఆపై గ్రీకు శిల్పముల ప్లాస్టర్ ప్రతిమలు, తుదకు సజీవ మానవదేహము. రామారావు చేరినపుడు సెసిల్ బర్న్స్ ప్రధానాచార్యుడు. 1919లో ఆ పదవిలోనికి వచ్చిన గ్లాడ్‌స్టన్ సాలమన్ సజీవదేహమును చూచి చిత్రించు తరగతిని ప్రవేశపెట్టెను, కుడ్యచిత్రరచనను ప్రోత్సహించెను. రామారావు చదువు 1920లో ముగిసినది. అనగా పాతక్రమమందలి క్రమశిక్షణయు, కొత్తక్రమమందలి జీవకళయు రెండును అతనికి లభించినవి.

ఆ విద్యలోని కొలత ఎట్టిదో వివరముగా చెప్పవలసి యున్నది. ఏలయన, దానిని తెలియకయే దానిని నిందించినవారు అనేకులు. విద్యార్థి ఒక స్థానమున స్థిరముగా నిలిచి, చేతిని మోచేయి వంగకుండ ముందునకు చాచి, పెన్సిలును నిలువుగా పట్టుకొని, ఒక కన్ను మూసి చూచును. పెన్సిలు కొన వస్తువు శిరోభాగమునకు తాకినట్లు కనబడునపుడు, గడ్డమునకు సమమైన చోట బొటనవ్రేలిని జార్చి నిలుపును. ఆ వ్రేలి వరకు వచ్చిన పొడవు ఒక మానము. దానిని క్రిందికి జరుపుచు దేహమంతయు ఎన్ని మానములో లెక్కించును. మోచేయి ఏ మాత్రము వంగినను పెన్సిలు కంటికి దగ్గరయై మానము మారిపోవును. తాను నిలిచిన చోటు జరిగినను అంతే. కనుక చేయి చాచుట, చోటు మారకుండుట అను రెండు నియమములును ఈ విద్యకు పునాదులు.

ఈ మానము ఒక సంఖ్యను గాక, ఒక సంబంధమును తెలుపును. ఎదుటి మనుష్యుని ఎత్తెంతయో విద్యార్థి తెలియనక్కరలేదు. అతని శిరస్సునకు దేహమెన్ని రెట్లు, ఎత్తునకు వెడల్పెంత భాగము అనునదే కావలెను. నిలిచిన సామాన్య పురుషుడు సుమారు ఏడున్నర తలల ఎత్తుండునని బోధకులు చెప్పుదురు. కాని అదే పురుషుడు కూర్చున్నను, వంగినను ఆ లెక్క పనికిరాదు. అప్పుడు కన్ను చూచినదే కొలత. దీనికి తోడుగా దారమునకు బరువు కట్టి వ్రేలాడదీసి, చెవి క్రింద భుజమున్నదా, గడ్డము క్రింద ఏ పాదమున్నది అని సరిచూతురు. ఏటవాలు రేఖల వంపును పెన్సిలును వాల్చి గ్రహింతురు. నడుమున చేయి పెట్టుకొన్నవాని మోచేతికిని పార్శ్వమునకును నడుమ మిగులు ఖాళీ ఆకృతిని కూడ ఒక వస్తువుగా భావించి వ్రాయుదురు. ఆ ఖాళీ సరిగా వచ్చినచో చేయి దానంతట అదే సరిపడును.

ఇందు ముఖ్యనియమము పెద్దదానిని ముందు కొలుచుట. ఆరంభదశలో నున్నవాడు కన్నులతో మొదలిడి, ముక్కు, నోరు, మెడ అని క్రిందికి పోవును. ప్రతి అవయవమందును స్వల్పదోషము జరుగును. అవి కూడికొని పాదములు చేరునప్పటికి కాగితము చాలదు. శిక్షితుడైనవాడు మొదట మొత్తమునకు పై హద్దు, క్రింది హద్దు నిర్ణయించి, నడిమిబిందువు దేహమున ఎక్కడ పడునో చూచి, పిమ్మట భాగముల లోనికి పోవును. రామారావు బొంబాయిలో నాలుగేండ్లు నేర్చిన విద్యకు సారమిది. ఆ పాఠశాలలో అతడు మేటి విద్యార్థిగా పేరుపొందెను.

ఈ క్రమము మన శాస్త్రమునకు పరాయిదా అను ప్రశ్న సహజముగా పుట్టును. వాత్స్యాయన కామసూత్రములకు యశోధరుడు రచించిన జయమంగళా వ్యాఖ్యలో రూపభేదము, ప్రమాణము, భావము, లావణ్యయోజనము, సాదృశ్యము, వర్ణికాభంగము అని చిత్రమునకు ఆరు అంగములు చెప్పబడినవి. వీనిలో ప్రమాణమును, సాదృశ్యమును వేరువేరుగా పేర్కొనుట గమనింపదగినది. కొలత సరియైనను పోలిక రాకపోవచ్చును. పోలిక తోచినను కొలత తప్పియుండవచ్చును. సోమేశ్వరుని అభిలషితార్థచింతామణి అద్దమందలి ప్రతిబింబమువలె పోలికతో వ్రాయబడినదానిని విద్ధచిత్రమని ప్రత్యేకముగా పరిగణించినది. కల్యాణమున నేలిన చాళుక్యచక్రవర్తి 12వ శతాబ్దమున రచించిన గ్రంథమిది. ఎదుటి వస్తువును చూచి యథాతథముగా వ్రాయుట మన దేశమున లేని పని యనుట దీనిచే నిరాకృతమగుచున్నది.

తాళమానమున ఒక పొరపాటు బహుళముగా వ్యాపించియున్నది. నవతాళమనగా తొమ్మిది తలల ఎత్తని అనేకులు భావింతురు. శిల్పశాస్త్రములలో ప్రసిద్ధమైన ఒక విభాగక్రమమును పరిశీలింతము. ముఖము 12 అంగుళములు, మెడ 4, మెడ నుండి హృదయము వరకు 12, అట నుండి నాభి వరకు 12, నాభి నుండి మేఢ్రము వరకు 12, తొడ 24, మోకాలు 4, పిక్క 24, పాదము 4. మొత్తము 108. ఇందు తాళమనబడిన 12 అంగుళములు ముఖమునకు గాని శిరస్సునకు కాదు. ముఖమనగా వెండ్రుకల మొదలు నుండి గడ్డము వరకు. దానిపై నున్న కపాలభాగమును మూడు నాలుగంగుళములుగా కలిపి, శిరస్సును మానముగా గైకొని లెక్కించినచో ఇదే దేహము ఏడు, ఏడున్నర తలల నడుమ నిలుచును. బొంబాయి తరగతిలో పెన్సిలు చాచి లెక్కించినదియు ఇంచుమించుగా ఇదియే. మానము వేరు, దేహమొక్కటే.

విష్ణుధర్మోత్తరమందలి చిత్రసూత్రము ఇంకను ముందునకు పోయినది. హంస, భద్ర, మాలవ్య, రుచక, శశకులని ఐదు విధముల పురుషులను, వారికి క్రమముగా 108, 106, 104, 100, 90 అంగుళములను చెప్పినది. ఋజ్వాగతము మొదలుగా తొమ్మిది స్థానములను నిరూపించి, దేహము తిరిగినపుడు ఒక పార్శ్వము తగ్గుటను, వేరొకటి పెరుగుటను క్షయవృద్ధులను పేర వివరించినది. నిలువుకొలతకు బ్రహ్మసూత్రమును, ప్రక్కలకు పక్షసూత్రములను శిల్పులు వాడిరి. బొంబాయిలోని బరువు కట్టిన దారము ఈ బ్రహ్మసూత్రమునకు దూరబంధువు కాదు, సోదరుడే.

అయినను భేదమొకటి కలదు. శాస్త్రము ఆదర్శదేహమునుండి బయలుదేరి వ్యక్తి వైపు వచ్చును. పాఠశాల ఎదుట నున్న వ్యక్తినుండి బయలుదేరి ఆదర్శము వైపు పోవును. న్యాయశాస్త్ర పరిభాషలో చెప్పవలెనన్న, తాళమానము శబ్దప్రమాణము వంటిది. చాచిన చేతిలోని పెన్సిలు ప్రత్యక్షము వంటిది. రెండును ప్రమాణములే. ఒకటి రెండవదానిని త్రోసివేయుట తగదు. ఆ కాలపు కళారంగమున జరిగినది మాత్రము త్రోసివేతయే.

వంగదేశమున అవనీంద్రనాథ ఠాకూరు 1910 తరువాతి సంవత్సరములలో షడంగములను గూర్చియు, భారతీయ రూపనిర్మాణమును గూర్చియు రచనలు చేసి, పాశ్చాత్య పాఠశాలల అనుకరణమును నిరసించెను. కన్ను కొలిచిన దేహము కంటె మనస్సు దర్శించిన దేహము మిన్న యనునది ఆ పక్షము. బొంబాయి పక్షమువారు దేహజ్ఞానము లేని భావము బలహీనమగునని తలచిరి. ఆంధ్రదేశమునను ఈ రెండు పాయలు పారినవి. మచిలీపట్టణము ఆంధ్ర జాతీయకళాశాలలో ప్రమోదకుమార చట్టోపాధ్యాయుడు వంగసంప్రదాయమును బోధించెను. రాజమహేంద్రవరమున రామారావు బొంబాయి విద్యతో తిరిగివచ్చెను. అడివి బాపిరాజు ఈ ఇరువురి ప్రభావమును పొందినవాడు.

రామారావు ఈ వివాదమున ఏ పక్షమునకును వ్యాసములు వ్రాయలేదు. అతని సమాధానము చిత్రములలో నున్నది. ఋష్యశృంగ బంధనము, సిద్ధార్థ రాగోదయము, పుష్పాలంకారము, నందిపూజ మొదలగువానిలో వస్తువు భారతీయము. రేఖ లయాన్వితము. వర్ణములు మృదువులు. ఇంతవరకు చూచినవారు అతనిని వంగీయులతో జతపరుపవచ్చును. కాని ఆ స్త్రీపురుషులు నేలపై నిలిచియుందురు. వారి బరువు పాదములపై పడును. వంగిన నడుమునకు తగినట్లు భుజము వాలును. ఒకరి వెనుక ఒకరున్నపుడు వారి నడిమి దూరము తెలియును. ఇట్టి నిర్వాహము అంగుళముల పట్టికవలన రాదు. సజీవదేహమును వేలసార్లు కంటితో కొలిచినవానికే అది స్వాధీనమగును.

ఈ నిర్ణయమునకు బలము చేకూర్చునవి అతని స్కెచ్ పుస్తకములు. అతడు విడిచిన కృతులలో ముప్పదికి పైగా తైలవర్ణచిత్రములు, నూటికి పైగా నీటిరంగుల చిత్రములు, ఇరువదికి పైగా స్కెచ్ పుస్తకములు కలవు. చదువు ముగిసిన తరువాతను అతడు చూచి వ్రాయుట మానలేదు. గుజరాతు ప్రాంతముల సంచారములో చూచిన వేషభాషలు, నిలుకడలు అతని గుజరాతీ స్త్రీచిత్రములకు ఆధారములైనవి. స్కెచ్ పుస్తకము కొలతకు నిలయము. పూర్ణచిత్రము స్వేచ్ఛకు నిలయము. మొదటిది లేనిచో రెండవది స్వేచ్ఛ కాక అజ్ఞానమగును. సంగీతమున స్వరసాధన చేసినవాడే మనోధర్మమునకు అర్హుడైనట్లు, కొలతను కంటిలో నిలుపుకొన్నవాడే కొలతను భావమునకై సడలింపగలడు. తెలిసి సడలించుటకును, తెలియక తప్పుటకును గల అంతరము రామారావు చిత్రములలో ప్రత్యక్షము.

1922లో ఋష్యశృంగ బంధనమునకు కలకత్తా ప్రదర్శనములో వైస్రాయి బహుమానము లభించినది. వంగసంప్రదాయమునకు పుట్టినిల్లైన నగరమున, బొంబాయిలో చదివిన ఆంధ్రయువకుని కృతి గౌరవింపబడుట ఆ వివాదమునకు ఒక విధమైన పరిష్కారము. 1924లో లండను నగరోపాంతమందలి వెంబ్లీలో జరిగిన సామ్రాజ్య ప్రదర్శనమునకును అతని చిత్రములు పోయినవి.

బయటి నగరములలో స్థిరపడి సంపాదించుటకు అవకాశమున్నను రామారావు స్వస్థలమునకు వచ్చెను. 1920ల ఆరంభమున రాజమహేంద్రవరమున చిత్రకళాశాలను స్థాపించెను. మిత్రుడైన వరదా వెంకటరత్నము అతనికి కుడిభుజమయ్యెను. భార్య సత్యవాణియు, సోదరి బుచ్చికృష్ణమ్మయు చిత్రకళను అభ్యసించిరి. కులస్త్రీలు చిత్రలేఖనమును విద్యగా నేర్చుట అరుదైన ఆ దినములలో ఇది చిన్న విషయము కాదు. తాను నేర్చినది తనతో ఆగిపోరాదనునది ఆ సంస్థ వెనుక నున్న తలంపు. చేతిలోని విద్య చేతికే అందవలెను. దానికి గ్రంథము చాలదు, గురువు కావలెను.

1925 ఫిబ్రవరి 6వ తేదీన మశూచి వ్యాధితో రామారావు మరణించెను. అతనికి ఇరువది ఎనిమిదేండ్లు నిండుటకు ఇంకను ఒక మాసము మిగిలియుండెను. బొంబాయి వీడిన తరువాత అతడు పనిచేసినది నిండ అయిదేండ్లు లేదు. ఏ పద్ధతిపై శిష్యులను తీర్చవలెనో, పాఠక్రమమెట్లుండవలెనో గ్రంథముగా వ్రాయుటకు కాలము చిక్కలేదు. వెంకటరత్నము ఆ పాఠశాలను, చిత్రములను కాపాడుటకు తన జీవితమును అంకితము చేసి 1963లో మరణించు వరకు శ్రమించెను. రాజమహేంద్రవరమందలి దామెర్ల రామారావు స్మారక చిత్రశాల ఆ శ్రమకు ఫలము. ఒక చేతి విద్య తెగిపోకుండ మరియొక చేయి పట్టుకొన్నదనుటకు అది నిదర్శనము.

ఈ జీవితమునుండి ప్రాచ్యవిద్యాబోధకులు గ్రహింపవలసినది ఒక్కటి. ప్రమాణమును శబ్దముగా మాత్రమే కాపాడినచో అది నిఘంటువులో మిగులును, దృష్టిలో మిగులదు. నేడు చిత్రము నేర్చు బాలుడు సెల్‌ఫోను తీసిన ఛాయాచిత్రముపై గడులు గీచి, గడికి గడిగా ఎక్కించుకొనుచున్నాడు. గడుల పద్ధతి తప్పు కాదు. చిన్నదానిని పెద్దదిగా మార్చుటకు శిల్పులును, కుడ్యచిత్రకారులును దానిని వాడిరి. కాని అక్కడ లోతును సమతలమునకు దించిన పని యంత్రము చేసియుంచినది. కన్ను కొలువలేదు. మరియొక ప్రక్క, శాస్త్రము చదువు విద్యార్థి శ్లోకముతో ఆగుచున్నాడు. అక్కడను కన్ను కొలువలేదు. రవివర్మ అచ్చుబొమ్మల కాలమున ఎక్కడ నుంటిమో, వేరొక దారిన అక్కడికే వచ్చితిమి.

దీనికి మందు కష్టసాధ్యము కాదు. తాళమానము పాఠము చెప్పు దినమున విద్యార్థుల చేతికి పెన్సిలు, కాగితము, ఒక దారము ఇచ్చి, సహాధ్యాయిని ఎదుట నిలువబెట్టి కొలిపింపవచ్చును. ముఖమును తాళముగా గైకొని దేహమును లెక్కించి, శాస్త్రసంఖ్యతో పోల్చిన విద్యార్థికి ఆ అంకెలు ఇక ఎన్నడును మరపునకు రావు. ఎక్కడ భేదము కనబడునో అక్కడ ఆదర్శమునకును వ్యక్తికిని నడిమి దూరమెంతయో అతనికి తెలియును. భాగ్యనగర ప్రాంతపు కళాశాలలవారు ఒకనాడు కీసరకు పోయినను చాలును. అక్కడ విష్ణుకుండినుల నాటి ఇటుక కట్టడముల శిథిలములు, కోటగోడల జాడలు, గుట్టపై నలుదెసల నున్న శివలింగములు కలవు. చేయి చాచి, ఒక కన్ను మూసి, ఒక్క లింగమును దాని ఎత్తు వెడల్పుల సంబంధము తప్పకుండ వ్రాసిన విద్యార్థి, శాస్త్రపుటలలో ఎంతకాలము చదివినను తెలియని దానిని ఆ గడియలో తెలిసికొనును.

తొలుచువాండ్రు తమ కొలతను వ్రాయలేదు. రామారావును వ్రాయలేదు. కాని వారు చేసిన పని మన ఎదుట నున్నది. దానిని మరల కొలుచుటయే వారి విద్యను చదువుటకు మార్గము.